కొల్లేటి మీద బెండ్ల బారులు

1936లో నన్ను నీటిపారుదల శాఖ ఏలూరు సెక్షనుకు ఓవర్సీయరుగా వేశారు. ఇంజనీరు చెప్పిన పనిని దగ్గరుండి చేయించి, కొలతలు తీసి అప్పగించడం ఓవర్సీయరు విధి. ఆ ఏడు వర్షాలు వెనకపట్టాక, కొల్లేటి నీరు దాన్ని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు వైపు ఎలా కదులుతోందో చూసి రమ్మన్నారు. జీలుగు బెండు ముక్కలకు ఎర్రరంగు పూసి నీటి మీద చల్లుతాం. అవి ఎటు కొట్టుకుపోతే ప్రవాహం అటు ఉన్నట్టు.

కొల్లేటికోట దగ్గర వెంకటస్వామి అనే జాలరి దోనెలో తిరుగుతూ, గాలి లేని పొద్దుటి పూట బెండ్లను ఇష్టం వచ్చినట్టు వెదజల్లాం. భోజనాలయ్యాక అసిస్టెంటు ఇంజనీరుగారిని వెంటబెట్టుకుని వెళ్లేసరికి గాలి లేచింది. బెండ్లు చెదిరి లేవు. గాలివాటున, పక్కపక్కనే, పొడుగాటి బారులు తీరి ఉన్నాయి.

నీటి అడుగున జాలర్లు దొంగచాటుగా కట్టిన చేపల వలకట్లు ఉన్నాయనీ, బెండ్లు వాటికే తగులుకున్నాయనీ ఇంజనీరుగారు తేల్చారు. గడలతో గాలించినా వల దొరకలేదు. అయినా ఊరి దోనెలన్నీ స్వాధీనం చేసుకోమన్నారు. దోనె లేకపోతే వాళ్లకు ఆ పూట తిండి లేదు.

"మేం ముట్టుకోలేదండీ బాబూ! గాలికి నురుగు అలా చారలు కట్టడం చూశానండీ. బెండ్లు ఎందుకు కట్టాయో నాకేం తెలుసండీ?" అన్నాడు వెంకటస్వామి.

నురుగు మాట నన్ను పట్టుకుంది. ఊక తెప్పించి ఇంజనీరుగారి ఎదుటే చల్లిస్తానని బతిమాలాను. సరేనన్నారు. దోనెలను దూరంగా పంపేసి, మేమే గుప్పిళ్లతో విసిరాం. ఊక కాసేపు సుడులు తిరిగింది, చీలింది, మళ్లీ కలిసింది. అంతలోనే చారలు తేలాయి. ఆయన చాలాసేపు చూసి, "దోనెలు వదిలెయ్యండి" అన్నారు. సాయంత్రం గాలి పడిపోయాక బారులు చెదిరిపోయాయి. ప్రవాహం సంగతి మాత్రం మాకు తేలనే లేదు.

చాలా ఏళ్లకు దీని కారణం చదివాను. గాలి వీచినప్పుడు పైనీరు పొడుగాటి చుట్టలుగా దొర్లుతుందట. రెండు చుట్టల నీరు కలిసి కిందికి దిగే చోట తేలేవన్నీ పోగవుతాయట. చదివాక కూడా నా అయోమయం పూర్తిగా పోలేదు. అడ్డదిడ్డంగా కొట్టే గాలికి అంత తిన్నని గీత ఎలా వచ్చిందో ఊహకు అందదు. వరస కనిపించినంత మాత్రాన దాన్ని ఎవరో పేర్చారని అనుకోకూడదని మాత్రం ఆ రోజే తెలిసింది. తరవాత ఉద్యోగంలో ఎవరి మీద అనుమానం వచ్చినా, ముందు నీటిని పరీక్షించాకే మనిషిని అడిగేవాణ్ణి.