నలభై ఆక్సిజన్ మెషిన్లకు కాపలా

విశాఖ పోర్టు యార్డులో దిగేసరికి ఉదయం ఆరూ నలభై. మే నెల. కరోనా రెండోసారి ఊళ్లను ఊడ్చేస్తున్న రోజులు. ఆర్మీలో నాకు అప్పగించింది ఒక కంటెయినర్. అందులో నలభై ఆక్సిజన్ మెషిన్లు, విదేశాల్లోని దాతలు పంపినవి. ప్రభుత్వాసుపత్రికి ఉచితంగా ఇచ్చేవి కాబట్టి కస్టమ్స్ సుంకం ఉండదు. కాకపోతే ఆ మాట రాసిన సర్టిఫికెట్ చూపించాలి. మా యూనిట్ కెప్టెన్ ఫోన్లో ఒకటే చెప్పాడు: "కాగితం పాసయ్యేదాకా సీలు ఎవరూ ముట్టుకోకూడదు."

లారీ డ్రైవరు మల్కాపురం మనిషి. నాది ఎలమంచిలి అనగానే బావా అని వరస కలిపాడు. వాళ్ల నాన్నకు ఊపిరి అందడం లేదు. ఆసుపత్రిలో మంచం దొరికింది, ఆక్సిజన్ దొరకలేదు.

"ఈ మెషిన్లు ఆ ఆసుపత్రికే కదా బావా?"

"అక్కడికే."

"అయితే నాను ఇక్కడే ఉంటాను. కాగితం రాగానే బండి తీసేత్తాను."

ఫారం నేనే నింపాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ సరుకు దించుకున్నా యూనిట్ పేరు మీదే దించుకున్నాను. చెయ్యి అలవాటుగా పోయింది. సరుకు అందుకునేవారు అన్న గడిలో మా యూనిట్ పేరు రాసేశాను. సర్టిఫికెట్‌లో ఉన్నది ఆసుపత్రి పేరు.

మధ్యాహ్నం ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. "హవల్దార్ గారూ, పేర్లు కలవట్లేదండీ. ఆసుపత్రివాళ్ల సంతకంతో మళ్లీ పెట్టండి." ఆయన తప్పేం లేదు. అక్కడ సంతకం పెట్టాల్సిన డాక్టరే జ్వరంతో పడుకున్నాడు. రెండు రోజులు పట్టింది.

రెండో రోజు డ్రైవరు పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"ఒక్కటి తియ్యనిత్తావేటి బావా? ముసలోడు కూకోలేకపోతన్నాడు."

"ఆర్డరు లేదు."

సీలు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా లేవలేదు.

మూడో రోజు పదకొండూ ఇరవైకి కాగితం పాసయింది. డ్రైవరు లేడు. ఫోన్ చేస్తే "వత్తన్నాను" అన్నాడు. పన్నెండుకు వచ్చాడు. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒంటి మీద బట్టలన్నీ తడి. శ్మశానంలో తండ్రికి కొరివి పెట్టి, స్నానం చేసి తిన్నగా వచ్చేశాడు. ఇంటికెళ్లి దీపం కూడా చూడలేదు.

"నువ్వు ఇంటికెళ్లు. ఇంకో డ్రైవర్ని చూస్తాను."

"ఇంకోడొచ్చేసరికి సాయంత్రమైపోద్ది. ఆడ పక్క మంచాలోళ్లు సూత్తన్నారు. ఎక్కు బావా."

దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "దేముడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటే ఇదే. ఆ ఆఫీసోళ్లకి మా ఉసురు తగుల్తాది."

పేరు తప్పు రాసింది నేనేనని చెప్పాలి. చెప్పకుండా కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆసుపత్రి దగ్గర మొదటి పెట్టె తనే ఎత్తుకుని లోపలికి పోయాడు. లారీ తలుపు తెరిచే ఉంది. మర్నాడు నేను యూనిట్‌కు తిరిగొచ్చాను, తర్వాత రిటైరయ్యాను. ఎలమంచిలిలో అందరూ సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. నాకు ముందు గుర్తొచ్చేది ఆ లారీ సీటు. మనిషి కూర్చున్నంత మేరా తడి. అంత ఎండలోనూ ఆరలేదు.