రాణుల జత వదిలేసిన మధ్యాహ్నం

భూపాలపల్లిలో బొగ్గుగనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. నేను ఆ బాయిలో ఎలక్ట్రీషియన్‌ని. పోకర్ నాకు అక్కడే పరిచయమైంది. బాయి లోపల కాదు, మొదటి షిఫ్టు అయిపోయి స్నానాలు చేసి వచ్చాక, క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, పంపుల దగ్గర పనిచేసే ఒక అన్న నేర్పాడు. చేతికి రెండు కార్డులు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. చేతిలో లేనిదాన్ని ఉన్నట్టుగా, ఉన్నదాన్ని లేనట్టుగా నమ్మించడమే ఆట. మేం చింతగింజలతో ఆడేవాళ్లం.

"రమ్మీల నీ కార్డులు నువ్వు జూసుకుంటే సాలు. గీ ఆటల ఎదుటోన్ని జూడాలె," అనేవాడు అన్న.

ఆ మాట అర్థమైందనే అనుకున్నాను.

తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు గాని, కార్డులు నాతోపాటు బాయిలోకి దిగడం మొదలుపెట్టాయి. అక్కడ టోపీ దీపం ఎంతవరకు పడితే లోకం అంతవరకే. తడిగోడ మీద వెలుగు జారుతుంటే ఇస్పేట్ ఆసు మెరిసినట్టు ఉండేది. కేబుల్ జాయింట్ చేస్తూనే, ఎప్పుడూ చూడని ఒక హాలులో, ఎప్పుడూ చూడని మనుషుల మధ్య ఆడుతుండేవాణ్ణి. ఆ ఊహలో నేను గెలిచేవాణ్ణని కూడా చెప్పలేను. నిమ్మళంగా కూర్చుని ఉండేవాణ్ణి, అంతే.

గోవాలో జరిగే పెద్ద పోటీ సంగతి అన్నే చెప్పాడు. ఆయన ఎన్నడూ వెళ్లలేదు. నేను రెండేళ్లు ఆదివారాలు కూడా డ్యూటీ చేసి దానికయ్యే డబ్బు పక్కన పెట్టాను. ఇంటి ఖర్చుల్లోంచి ముట్టనని నా భార్యకు ముందే మాటిచ్చాను. ఆమె మహబూబాబాద్ దవాఖానలో నర్సు. అక్కడే గది తీసుకుని ఉంటుంది, సెలవు దొరికినప్పుడల్లా నేను వెళ్తాను. మా ఇద్దరివీ గార్ల పక్క తండాలు. ఇంట్లో లంబాడీలోనే మాట్లాడుకుంటాం. కార్డుల మాట వస్తే మాత్రం మాకు తెలియకుండానే తెలుగులోకి మారతాం, ఆ మాటలన్నీ నాకు అన్న నోటివెంట వచ్చినవే కాబట్టి.

బయలుదేరిన ఉదయం ఆమె డ్యూటీకి పోతూ మహబూబాబాద్ స్టేషన్‌కు వచ్చింది.

"గెలిస్తే ఏం జేస్తవ్?" అంది.

"తెల్వదు."

"ఓడితే?"

"గదైతే అసలే తెల్వదు."

ఆమె నవ్వి, నా చొక్కా కాలర్ సరిచేసి వెళ్లిపోయింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. కాజీపేట దాటినా మంచు ఇంకా విడవలేదు. రఘునాథపల్లి దగ్గర పత్తిచేలూ మంచూ ఒకే తెలుపులో కలిసిపోయి, ఎక్కడ చేను ఆగిందో, ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియలేదు. జనగామలో ఎవరో ఎక్కి పక్కన కూర్చున్నారు. వాళ్ల మాటలు వింటూనే నిద్రలోకి జారాను. సికింద్రాబాద్‌లో బండి మారి, మర్నాడు గోవాలో దిగేదాకా ఆ నిద్ర నన్ను పూర్తిగా వదల్లేదనే చెప్పాలి.

పోటీ ఒక పెద్ద హోటల్ కింది అంతస్తులో. కిటికీలు లేవు, గోడ గడియారం లేదు. కొత్తవాళ్లు ఇబ్బంది పడుతున్నారు గాని నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. వెలుతురు రాని చోట పనిచేయడం నాకు అలవాటే. బల్లల చుట్టూ వందలమంది, పందెం పెట్టే ప్లాస్టిక్ బిళ్లల్ని వేళ్లతో ఆడిస్తుంటే ఆ చప్పుడు రేకుల మీద సన్నటి వానలా ఆగకుండా వినిపించింది. నేను ఎన్నో ఏళ్లుగా ఊహించుకున్న హాలు అదే అనిపించింది. నా ఎదురుగా కూర్చున్నావిడ మాత్రం నా ఊహలో ఎప్పుడూ లేదు. అరవై దాటి ఉంటుంది. నూలుచీర, మెడలో దారానికి కట్టిన కళ్లజోడు. బిళ్లల్ని గాజుల్లా జాగ్రత్తగా పేర్చుకునేది.

మొదటి మూడు గంటలు ఓపికగా ఆడాను. పనికిరాని కార్డులు వదిలేశాను, మంచివి వచ్చినప్పుడు కాస్త గెలిచాను. ఆ తర్వాత నా చేతికి రెండు రాణులొచ్చాయి, ఒకటి ఆఠీన్, ఒకటి కళావర్. పందెం పెంచాను. అందరూ తప్పుకున్నారు, ఆవిడ తప్ప. మధ్యలో మూడు కార్డులు తెరిచారు. తొమ్మిది, ఆరు, రెండు. అన్నీ నా రాణులకంటే చిన్నవే. మళ్లీ పందెం పెట్టాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, తన ముందున్న బిళ్లలన్నీ రెండు చేతులతో మధ్యలోకి నెట్టింది.

నేనూ నా బిళ్లలన్నీ నెట్టి, ఆమె కార్డులు నా రాణులకన్నా పెద్దవైతే అక్కడితో నా ఆట ముగిసినట్టే. చాలాసేపు కూర్చున్నాను. కళ్లజోడు చూశాను, నూలుచీర చూశాను. ఇంత పెద్దావిడ ఊరికే ఇంత పని చేయదు, చేతిలో రాజులో ఆసులో ఉండే ఉంటాయి అనుకున్నాను. రెండేళ్ల ఆదివారాలు గుర్తొచ్చాయి. రాణుల్ని వదిలేశాను.

ఆవిడ తన కార్డులు తిప్పి చూపించింది. ఏడు, నాలుగు. మధ్యలో ఉన్న వేటితోనూ కలవవు. ఆమె చేతిలో ఏమీ లేదు.

ఆ తర్వాత అరగంట నాకు సరిగ్గా గుర్తులేదు. పోగొట్టుకున్నది వెంటనే తిరిగి రావాలన్న తొందర పట్టుకుంది. ఒక ఆసు, ఒక మూడు రాగానే ఉన్నదంతా నెట్టేశాను. ఇంకొకరి దగ్గర ఆసు, రాజు ఉన్నాయి. లేచి నిలబడితే నా కుర్చీని వెంటనే ఎవరో పక్కకు జరిపారు. మూడు రోజుల పోటీలో నేను ఆడింది నాలుగు గంటలు. బయటికి వస్తే ఇంకా ఎండ ఉంది.

తిరుగు రైలుకు రెండు రోజులుంది. మర్నాడు ఉదయం సముద్రం దగ్గరికి వెళ్లాను, మొదటిసారి. ఏం చేయాలో తెలియక ఇసుకలో పడుకున్నాను. అలల చప్పుడులో కళ్లు మూతలు పడ్డాయి. నేను బాయిలో ఉన్నట్టూ, పంపులన్నీ ఆగిపోయి నీళ్లు మెల్లగా మోకాళ్ల దాకా వచ్చినట్టూ, ఆ నీళ్లు వెచ్చగా ఉన్నట్టూ కల. భయం వేయలేదు. కళ్లు తెరిస్తే ఆ పెద్దావిడ చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్ల అంచున నడుస్తోంది. నన్ను గుర్తుపట్టి ఆగింది.

ఆమె కూడా నిన్ననే ఓడిపోయిందట, నా తర్వాత రెండు గంటలకు. ఇద్దరం హిందీలో మాట్లాడుకున్నాం.

"నీ దగ్గర ఏమున్నాయి?" అని అడిగింది.

"రాణులు."

ఆమె చెప్పులు రెండో చేతిలోకి మార్చుకుంది. "బాగా బాధపడి వదిలేశావు. నేను చూశాను."

"మీ చేతిలో ఏమీ లేకుండా అంత ధైర్యం ఎట్లా వచ్చింది?"

"నువ్వు నన్ను చూడలేదు బాబూ. నా వయసును చూశావు. ఆ సంగతి నాకు కనిపించింది," అంది.

అన్న ఏళ్ల తరబడి చెప్పిన మాట నాకు ఆ పొద్దున గాని అర్థం కాలేదు. నన్ను ఓడించింది చెడ్డ కార్డులైతే సరిపుచ్చుకునేవాణ్ణేమో. మంచి కార్డులు చేతిలో ఉండగానే ఓడిపోయాను. ఆమె నడుచుకుంటూ దూరమయ్యాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాను. సిగ్గుగా ఉంది, కాని నీళ్లు వచ్చి పాదాల కింది ఇసుకను లాక్కుపోతుంటే ఆ సిగ్గు కూడా కాస్త కాస్త కరిగింది.

మహబూబాబాద్ వచ్చాక జరిగిందంతా నా భార్యకు చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను.

"నాకు నేర్పు," అంది.

"నీకెందుకు?"

"రోజూ ఎంతమందిని జూస్త నేను. నిజంగ నొప్పున్నోళ్లు గడియారం దిక్కు జూడరు. సెలవు కాయితం కోసం వచ్చినోళ్లు జూస్తరు. గా ముసలమ్మను నేనైతే పట్టుకుందు."

నేర్పాను. నెల తిరగకముందే నన్ను ఓడించడం మొదలుపెట్టింది. ఎట్లా గెలుస్తున్నావని అడిగితే మొదట చెప్పలేదు. ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ అంది, "మంచి కార్డులొస్తే నువ్వు ఊపిరి ఆపుతవ్. నీకు తెల్వదా?"

తెలియదు. ఇన్నేళ్లుగా తెలియదు. భూపాలపల్లి వెళ్లి అన్నతో చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. "నాకు ఎప్పుడో తెల్సు. చెప్తే నేను గెలిచేదెట్ల మరి?"

ఇప్పుడు మా దగ్గర ఒక పథకం ఉంది. మళ్లీ ఆదివారాలు డ్యూటీ చేస్తున్నాను. ఈసారి తొందర లేదు, రెండేళ్లు కాకపోతే మూడేళ్లు. సెలవు రోజుల్లో మేమిద్దరం ఆడుతున్నాం. కూడబెట్టే డబ్బు పోటీలో కూర్చోవడానికి ఒక్కరికే సరిపోతుంది కాబట్టి, అప్పటికి ఎవరు బాగా ఆడుతుంటే వాళ్లు కూర్చోవాలి. రెండోవాళ్లు సముద్రం దగ్గర తిరగాలి. ఇది ఆమె పెట్టిన షరతు, నేను ఒప్పుకున్నాను.

ఈమధ్య బాయిలోకి దిగినప్పుడు ఆ హాలు మళ్లీ కళ్ల ముందుకొస్తోంది. అవే బల్లలు, బిళ్లల అదే సన్నటి చప్పుడు. కుర్చీలో మాత్రం నేనుండటం లేదు. నర్సు చీర కట్టుకుని, కొప్పు ముడిచి, ఎదుటివాళ్ల ముఖంలోకి నెమ్మదిగా చూస్తూ ఆమె కూర్చుని ఉంటుంది. ఈ సంగతి ఇంకా ఆమెకు చెప్పలేదు.