ముక్కుకి తెలియని గాలి

మా సైన్సు టీచరుగారు పోయారు. మంగళవారం పొద్దున చర్చి గంట వేళ కాని వేళ మోగింది. గోడకి అవతలి ఇల్లే కనుక గంట కంటే ముందే నాకు తెలిసింది. ఊపిరితిత్తుల్లో కేన్సర్. ఆవిడ ఇంట్లో ఎవరూ సిగరెట్ ముట్టింది లేదు, కట్టెల పొయ్యి మానేసి ఎన్నేళ్ళో అయింది. సంతాప కూడికలో అందరూ దేవుడి పిలుపు అన్నారు. అననివ్వండి, నేను కాదనను. కానీ నాకు కోపంగా ఉంది. ఆ కోపంలో ఎక్కువ భాగం నా మీదే.

రోడ్డు మీద రోడ్డు వేసి వేసి మా వీధిలో పాత ఇళ్ళన్నీ గోతిలోకి దిగిపోయాయి. టీచరుగారి ఇంట్లోకి వెళ్ళాలంటే మూడు మెట్లు దిగాలి. పడకగది గచ్చంతా పగుళ్ళే. రెండేళ్ళ కిందట మిరపకోతలప్పుడు ఆవిడ ఆ గదిలో ఓ ప్లాస్టిక్ కప్పు వేలాడదీశారు. యూనివర్సిటీలో పనిచేసే పాత విద్యార్థి ఇచ్చాడట. నేలలోంచి రేడాన్ అనే వాయువు వస్తుందని, రంగూ వాసనా ఉండవని, మూసిన గదిలో పోగవుతుందని, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి చేటని, అది ఎంతుందో ఈ కప్పు పట్టిస్తుందని చెప్పారు.

"ఇప్పుడే ఎందుకండీ? కోతలయ్యాక తీరిగ్గా పెట్టొచ్చుగా!" అన్నాను.

"ఒరేయ్, మిరప కల్లాల ఘాటుకి ఈ మూడు నెలలూ కిటికీలు తియ్యం కదరా. గాలి బయటికి పోని రోజుల్లోనే కొలవాలి."

గ్యాసు అనే మాట వీధంతా పాకింది. ఎదురింటావిడ వచ్చి సిలిండర్ దగ్గర వాసన చూసి, "ఏం లేదు టీచరుగారూ, రెగ్యులేటర్ బానే ఉంది" అని ధైర్యం చెప్పి వెళ్ళింది. ఎండుమిరప బస్తా కదిలిస్తే వీధి చివర తుమ్మేవాళ్ళం మేము. తుమ్ము రాని గాలికి భయపడమంటే ఎవరు భయపడతారు? నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ముక్కుకి తెలిసేదానికి టీచరెందుకురా?" అన్నారు.

మూడు నెలలూ ఆ కప్పుని ఎవర్నీ తాకనివ్వలేదు, బూజు కూడా దులపనివ్వలేదు. బళ్ళోనూ అంతే. ప్రయోగం మధ్యలో బల్ల కదిపినవాణ్ణి గోడవైపు తిప్పి నిలబెట్టేవారు. నేను చాలాసార్లు నిలబడ్డాను. అలాంటి నా చేతికే ఓ రోజు బ్యాటరీ, తీగ, చిన్న బల్బు ఇచ్చి "వెలిగించు, చూద్దాం" అన్నారు. ఇవాళ కరెంటు పనులు చేసుకుని బతుకుతున్నానంటే ఆవిడ చలవే.

కప్పుని యూనివర్సిటీకి పంపితే ఫలితం వచ్చింది. ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. డాబా మీది గదిలోకి మారదామంటే ఆవిడ భర్తకి మోకాళ్ళు సహకరించవు. ఏం చెయ్యాలో ఆవిడే కనుక్కున్నారు. గచ్చు పగుళ్ళు పూడ్చాలి, దాని కిందినుంచి ఓ గొట్టం గోడ వెంట డాబా పైకి లేపాలి, కింది గాలిని లాగి పైకి వదిలే ఫ్యాను ఒకటి దానికి బిగించాలి. ఫ్యాను బిగించడం నా పనే.

"ఈ ఆఖరి కోత కూడా అవ్వనీయండి, మేస్త్రీని నేనే తీసుకొస్తా" అన్నాను.

కోతలయ్యాయి. పెళ్ళిళ్ళు వచ్చాయి, లైటింగు పనులతో ఊపిరాడలేదు. తర్వాత వానలు. ఆవిడ మూడుసార్లు గుర్తుచేశారు. కసిరినా బాగుండేది. "నీ పనులు చూసుకునే రారా" అనేవారు. బళ్ళో అంత కఠినంగా ఉన్న మనిషి ఇక్కడెందుకు మెత్తబడ్డారో, నాకు ఆ సంగతి మీదా కోపమే. నాలుగోసారి అడగలేదు. అప్పటికి దగ్గు మొదలైంది.

జబ్బు చాలా ఏళ్ళ ముందే మొదలై ఉంటుందని, దేనివల్లో ఖాయంగా చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు ఊరట కావాల్సింది. కాలేదు.

టీచరుగారి భర్త, పెద్దాయన, ఇప్పటికీ ఆ గదిలోనే పడుకుంటున్నారు. అందుకే కూడిక అయిన మర్నాడే మేస్త్రీని లాక్కొచ్చాను. రెండు రోజులు పట్టింది. అంతే, రెండే రోజులు. డాబా మీద నుంచి స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. పెద్దాయన కర్ర ఊతంతో మెల్లగా మెట్లెక్కి వీధిలోకి వచ్చి, తల పైకెత్తి ఆ తెల్ల గొట్టం వంక చూశారు.

"ఇంతేనా పని?" అన్నారు.

"ఇంతేనండి."

ఆయన అలా పైకి చూస్తూనే నిలబడ్డారు. ఆయన లోపలికి వెళ్ళేదాకా నేను డాబా దిగలేకపోయాను.