పది ప్లాస్టిక్ చాటలు

నా జన్మలో నేను అగ్గిపెట్టె కూడా అమ్మి ఎరుగను. అయినా నిజామాబాద్‌లో ఒక ఎంబీఏ కాలేజీలో, సొంతంగా వ్యాపారం పెట్టడం ఎలాగో పిల్లలకు రెండేళ్లు పాఠం చెప్పాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నేను నోట్సు చదవడం, వాళ్లు రాసుకోవడం, పరీక్షలో అదే నాకు తిరిగి అప్పజెప్పడం. మూడో ఏడు నా మీద నాకే ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. ఆ కోపంలోనే ప్రిన్సిపాల్ గదికి పోయి, ఈసారి పిల్లల చేత నిజమైన కంపెనీకి, నిజమైన సరుకు మీద పని చేయిస్తానని చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నీ ఇష్టం అమ్మా, కాలేజీకి మాట రాకుండా చూసుకో" అన్నాడు.

కంపెనీ అంటే పెద్దదేం కాదు. బోధన్ రోడ్డులో ఒక రేకుల షెడ్డు. అందులో బకెట్లు, మగ్గులు తయారయ్యేవి. దాని యజమాని ఒకప్పుడు అలాంటి షెడ్డులోనే కూలికి పనిచేసి పైకొచ్చిన మనిషి. ఆయనకొక ఆలోచన తట్టింది. మా జిల్లాలో ఏ గల్లీకి పోయినా అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో వెదురు చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపిస్తారు. ఆకు, తంబాకు, దారం, కత్తెర అన్నీ ఆ చాటలోనే. వెదురు చాట అంచులు ఊడతాయి, దానికి మళ్లీ మళ్లీ కాగితం గుజ్జు, మెంతి పిండి పూసుకోవాలి. అదే ప్లాస్టిక్‌దైతే పదేళ్లు చూడనక్కర్లేదు కదా అనుకున్నాడు. షీటు వేడిచేసి, వంచి, పది చాటలు చేత్తో చేయించాడు. నీలం రంగువి, చూడముచ్చటగా ఉన్నాయి.

"గివి ఆడోళ్లకు పనికొస్తయా లేదా మీ పిల్లలు తెలుసుకొని చెప్పాలె మేడం," అన్నాడు. "వస్తయంటే హైదరాబాద్ల చాట అచ్చు పోసే డై చేయిస్త. కోటగిరి కాడ మా బాపు సంపాయించిన రెండెకరాలు ఉన్నది, కాలువ కింద. డై ఖర్చుకు గా పొలం అమ్ముత."

నేను తల ఊపాను. కాలువ కింద రెండెకరాలంటే ఏమిటో ఆ పూట నా తలకెక్కలేదు. పిల్లలకు ప్రాజెక్టు దొరికిందన్న సంబరంలో ఉన్నాను.

నలుగురు పిల్లల జట్టును పంపాను. వాళ్లకు పెద్ద ఒక ఆడపిల్ల. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగింది, మాటకారి, బీడీ ఆకు మాత్రం ఎన్నడూ చేత్తో పట్టింది కాదు. వాళ్లు ఎడపల్లిలో పదిమంది ఆడవాళ్లకు పది చాటలు ఇచ్చి, వారం వాడి చూడమన్నారు. వారం తర్వాత ప్రశ్నల కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లారు. చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు అని నాలుగు గడులు. పదిమందీ మొదటి గడే చెప్పారు.

ఇంకా విశేషం, చాటలు ఖాళీగా రాలేదు. ఒకదాంట్లో అనపకాయలు, ఒకదాంట్లో చెరుకు ముక్కలు, ఇంకోదాంట్లో బెల్లం గడ్డ, పసుపు కొమ్ములు. ఆటో దిగేసరికి పిల్లల మొహాలు వెలిగిపోతున్నాయి. "మేడం, కస్టమర్లే మనకు ఎదురు గిఫ్టులు ఇచ్చిండ్రు," అంది ఆ పిల్ల. రిపోర్టులో దానికి ఒక పేజీ కేటాయించింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టీవీలో వేయాల్సిన ప్రకటన కూడా రాసిపెట్టింది. ఆమెను అనడం ఎందుకు, నేనూ స్టాఫ్ రూములో అందరికీ బెల్లం పంచి, రిపోర్టు మీద సంతకం చేసి, ఆ జట్టుకు అందరికంటే ఎక్కువ మార్కులు వేశాను. యజమాని వచ్చి ఆ రిపోర్టును రెండు చేతులతో అందుకున్నాడు. సోమవారం పొలం రిజిస్ట్రేషన్ పెట్టుకుంటున్నానన్నాడు.

చాటలు ఆయన వదిలేసి వెళ్లాడు, తిరిగి ఇవ్వాలి. స్టాఫ్ రూములో అడ్డమని ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంటకు బియ్యం చెరుగుదామని అందులోంచి ఒకటి తీశాను. తంబాకు వాసన బియ్యానికి పడుతుందేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. మంచిదే అనుకుని బియ్యం పోశాను. పోసిన తర్వాత చెయ్యి ఆగిపోయింది.

మా అమ్మ బీడీలు చేసి నన్ను డిగ్రీ దాకా చదివించింది. మా ఇంట్లో తంబాకు వాసన లేని వస్తువు లేదు. చద్దర్లు, అన్నం గిన్నె మూత, చర్చికి పట్టుకెళ్లే పాటల పుస్తకం, అన్నీ అదే వాసన. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. చర్చిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. వారం రోజులు బీడీలు చుట్టిన చాటకు వాసన లేకపోవడమేమిటి? మిగతా తొమ్మిదీ తీసి ఒక్కొక్కటే వాసన చూశాను. ఒకటి సబ్బు వాసన, ఒకటి పసుపు వాసన. తంబాకు ఒక్కదాంట్లోనూ లేదు.

అప్పుడు ఆ బెల్లం, అనపకాయలు కూడా అర్థమయ్యాయి. మా వైపు పరాయి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. వాళ్లు పరాయి వస్తువును వాడకుండా, మర్యాదగా కడిగి, ఇంత ఏదో వేసి అప్పజెప్పారు. పదిమందిలో ఒక్కరు కూడా ఇది నాకు ఉంచుతారా అని అడగలేదు. ఇవన్నీ తెలిసి పెరిగినదాన్ని, నేనే సంతకం చేశాను. తెల్లవారితే ఒక మనిషి తండ్రి పొలం పోతుంది.

హాస్టల్‌కు పోయి ఆ పిల్లను వెంటబెట్టుకుని, పది చాటలు గోనెసంచిలో వేసుకుని బోధన్ బస్సెక్కాను. దారిపొడుగునా చెరుకు బండ్లు, బస్సు కదలదు. డ్రైవర్‌ను మనసులో నానా మాటలూ అన్నాను. ఎడపల్లిలో దిగగానే ఆ పిల్ల నన్ను ఒక ముసలామె ఇంటికి తీసుకెళ్లింది. చాట తీసుకున్న పదిమందిలో ఆమె పెద్దది. అరుగు మీద కూర్చుని, ఒళ్లో పాత వెదురు చాట పెట్టుకుని, చేతివైపు చూడకుండానే బీడీ చుడుతోంది.

"అవ్వా, మా నీలం చాట వారం రోజులు ఏడ పెట్టినవ్?" అన్నాను.

"సందుగ మీద పెట్టి గుడ్డ కప్పిన బిడ్డా. పరాయి సొమ్మాయె. పోరగాళ్లు తొక్కుతరని."

"దానిల బీడీలు చెయ్యలేదా?"

"ఒక్క కట్ట సుత కాలే. ఒళ్ల నిలుస్తలేదు, చీర మీదికెళ్లి జారుతున్నది. తడి ఆకు పెడితే అడుగున నీళ్లు దిగి తంబాకు ముద్దయితున్నది. కడిగి పెట్టేసిన."

మా పిల్ల మొహం పాలిపోయింది. "మంచిగున్నదని చెప్పినవ్ గద అవ్వా, నేనే రాసుకున్న," అంది.

ముసలామె చేతులు మొదటిసారి ఆగాయి. "పరీక్ష అంటివి గద బిడ్డా. మార్కులు పడుతయంటివి. మంచిగ లేదంటే నువ్వు ఫెయిల్ గావా? ఆడపిల్ల ఎండల పడి తిరుగుతున్నది, పాస్ గానీ అని అందరం గదే చెప్పినం."

తిడదామంటే నాకు ఎవరూ దొరకలేదు. పదిమంది ఆడవాళ్లు కూడబలుక్కుని మా అందరినీ పాస్ చేశారు.

తిరుగు బస్సులో వచ్చి షెడ్డు దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. షెడ్డు వెనకే యజమాని ఇల్లు. ఆయన భార్య గడపలో కూర్చుని ఎల్లిగడ్డలు వలుస్తోంది. ఆయన మంచం మీద పొలం కాగితాలు సర్దుకుంటున్నాడు. కూర్చోమనే లోపలే, నిలబడే చెప్పేశాను. రిపోర్టు తప్పు, నాదే తప్పు, పొలం అమ్మకండి అన్నాను. ముసలామె చెప్పిందంతా మా పిల్ల ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

ఆయన కాగితాల మీద చెయ్యి పెట్టాడు. కోపం చేస్తాడనుకున్నాను, చేయాల్సిందే. పెద్ద ఊపిరి విడిచి, "బతికించిండ్రు మేడం," అన్నాడు. "వారం సంది నిద్ర వస్తలేదు. బాపే యాదికొస్తుండు. ఎవరన్న వద్దంటరేమో అని ఎదురుసూస్తున్న. షెడ్డుల పనోళ్లను అడిగితే మంచిగున్నదన్నరు. దోస్తులు మంచిగున్నదన్నరు. రిపోర్టు సుత గదే అన్నది. ఇగ అమ్మక తప్పదనుకున్న."

పెద్ద గండం గడిచింది. అప్పటికి గాని నా కాళ్లు నొప్పెడుతున్నట్టు తెలియలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఏడుపొస్తుందో నవ్వొస్తుందో తెలియనంత తేలిగ్గా ఉంది.

అప్పటిదాకా మాట్లాడని ఆయన భార్య, చేతిలో ఎల్లిగడ్డ వలుస్తూనే, "నేను పెండ్లికి ముందు ఏడేండ్లు బీడీలు చేసిన," అంది. "నువ్వు తెచ్చిననాడే ఒళ్ల పెట్టుకొని సూసిన. జారింది."

ఆయన నోరు తెరిచాడు. "మరి నాకు మంచిగున్నదని ఎందుకు చెప్పినవ్?"

"మంచిగున్నది గదా అని నువ్వే అంటివి. గంత సంబురంగ అన్నవ్. నన్నెప్పుడు అడిగినవ్?"

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత ఆమె, తర్వాత మేమిద్దరం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఆయన మంచం దిగి భార్యకు ఎదురుగా నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు అడుగుతున్న. చెప్పు," అన్నాడు.

ఆమె ఎల్లిగడ్డలు పక్కకు జరిపి, సంచిలోంచి ఒక నీలం చాట తీసి ఒళ్లో పెట్టుకుంది. చాట జారింది. మా పిల్ల గబగబా కాగితం, కలం తీయబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, ముందు విను అన్నాను.