నాలుగో బెజ్జం

నలభై పాయింట్లు, జట్టులో చోటు, పద్దెనిమిదేళ్ల మంచి పేరు. దాలయ్య మావ పోగొట్టుకున్నవి ఇవి. పలాసలో నా లేతు షాపులో మైక్రోమీటరు కిర్రుమన్నప్పుడల్లా ఈ కూడిక మళ్లీ మొదలవుతుంది.

ఒకప్పుడు ఇద్దరం ఒకే ఆయుధాగారంలో పనిచేసేవాళ్లం. ఆయన తుపాకులు బాగుచేసేవాడు, పోటీల్లో రివాల్వరు పేల్చేవాడు. నేను కొలతల రిజిస్టరు రాసే ఫిట్టరును. పదో తరగతి తప్పిన నాకు అంగుళాన్ని వెయ్యి భాగాలుగా చదవడం నేర్పింది ఆయనే.

ఆ ఏడు ఎంపిక పోటీలో ఆయన అరవై గుండ్లు పేల్చాడు, ఆరేసి చొప్పున పది చుట్లు. ప్రతి చుట్టులోనూ ఒక గుండు పక్కకు పోయి, దానికి పది పాయింట్లకు ఆరే వచ్చాయి. అధికారి నన్ను పిలిచి, రివాల్వరులో ఆరు గుండ్లు పట్టే సిలిండరును కొలవమన్నాడు. అంగుళంలో వెయ్యో వంతుల్లో, ఐదు బెజ్జాలు 358, నాలుగోది 354. గొట్టం లోపలి కొలత 357. నేను ఆరు అంకెలూ కూడి ఆరుతో భాగించాను. 357 దాటింది. లెక్క వచ్చన్న గర్వంతో ఆ సగటు ఒక్కటే రాసిచ్చాను.

“ఆయుధం బాగానే ఉంది. ఉద్దానం మనిషి కదా, కిడ్నీలు పోయుంటాయి. చెయ్యి వణుకుతోంది,” అని అధికారి ఆయన పేరు కొట్టేశాడు.

మర్నాడు మావ బెజ్జాలకు సుద్దతో అంకెలు వేసి, ఒక్కో బెజ్జానికి ఒక్కో కాగితం చొప్పున ఆరు కట్టి పేల్చాడు. ఐదు కాగితాల్లో గుండ్లు రూపాయి బిళ్లంత చోట గుమిగూడాయి. నాలుగో దాంట్లో చెల్లాచెదురయ్యాయి.

“ఏట్రా అల్లుడా, గుండు సగటులోంచి ఎల్తాదేటి? నాలుగో బెజ్జంలో నలిగి సన్నబడిపోనాది. గొట్టంలో వొదులైపోయి, ఇంక తిన్నగా ఎలాగెల్తాది?”

“ఇప్పుడే సారుకి సెప్పేత్తాను మావా.”

“సెప్పు, పెద్ద లెక్కల మేస్టారివి.”

వెళ్లాను. “రిజిస్టరు దిద్దితే నీ ఉద్యోగమూ దిద్దాల్సొస్తుంది,” అన్నాడు అధికారి. వెనక్కి వచ్చేశాను. నెల తిరక్కుండా కొత్త సిలిండరు వచ్చింది. రిజిస్టరులో నా సగటు అలాగే ఉంది.

మావ ఉద్యోగం మానేసి జలంత్రకోట దగ్గర జీడితోటకు వెళ్లిపోయాడు. ఏడేళ్ల తర్వాత కిడ్నీలు నిజంగానే పోయాయి. “అప్పుడే సెప్పినాం కదా, సెయ్యి వణికీదని,” అన్నారు పాత స్నేహితులు. చివరిసారి చూడబోతే, అంచుదాకా నింపిన నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని నా ముందుకు చాచాడు.

“సూడ్రా. వణుకుతోందేటి?”

ఒక్క చుక్క ఒలకలేదు. నేనే తల దించుకున్నాను.

ఇప్పుడు నా షాపులో ఎవరినీ సగటు కట్టనివ్వను. ఏ బెజ్జం కొలత ఆ బెజ్జం పక్కనే రాయాలి. ఆయన లెక్క మాత్రం దిద్దలేకపోయాను. చుట్టుకు నాలుగు, పది చుట్లు. నలభై.