‘కూసోండ్రి’ అనే మా సార్

మా సార్ పోయారని పొద్దున్నే ఆసిఫాబాద్ నుంచి ఫోనొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే కరీంనగర్‌లో దొరికిన బస్సెక్కాను.

ఎనభైలలో ఆసిఫాబాద్ సర్కారు ఆఫీసులో నేను టైపిస్టును. సిబ్బంది మీద ఫిర్యాదులొస్తే విచారణ జరిపేది సార్, వాంగ్మూలాలు టైపు కొట్టేది నేను. విచారణ రోజున ఆయన మొదట తన మెత్తటి కుర్చీని వరండాలో పెట్టించేవారు. గదిలో అందరికీ ఒకే రకం చెక్క కుర్చీలు. ఆరోపణ ఉన్న మనిషి గుమ్మంలోకి రాగానే లేచి నిలబడి, “కూసోండ్రి” అనేవారు. ఆ మనిషి కూర్చున్నాకే తానూ కూర్చునేవారు.

పెళ్లివారికి చేసినట్టు ఈ మర్యాదలేమిటని నాకు నవ్వొచ్చేది. ఒకరోజు అడిగేశాను.

“తప్పు జేసిండో లేదో తర్వాత తేలుతది. మనిషైతే ఇప్పుడే మన గడపకచ్చిండు గదమ్మా,” అన్నారు.

ఒకసారి మొక్కల నర్సరీ వాచ్‌మన్ మీద విచారణ జరిగింది. తల్లికి బాగాలేదని ఎవరికీ చెప్పకుండా ఊరికి పోయాడు, మేకలు పడి మొక్కలన్నీ మేసేశాయి. ఉద్యోగం ఊడేలా ఉంది. చేతులు జోడించి అతను సార్‌తో అన్నాడు:

“నువ్వే జెప్పు సారూ. అవ్వ పాణం మీదికచ్చిందంటె నువ్వయితె పోవా?”

ఆరోపణలు వినిపించడానికి వచ్చిన కొత్త అధికారి బల్ల చరిచాడు. “సార్‌నే నువ్వంటాడా! తీసెయ్యడానికి ఇదొక్కటి చాలు. రాయండమ్మా!”

నేను ‘ధిక్కారంగా మాట్లాడెను’ అని టైపు కొట్టేశాను. సార్ కాగితం చదివి కళ్లద్దాలు తీశారు.

“ఇంట్ల మీ బాపును ఏమని పిలుస్తవమ్మా?”

“నువ్వనే సార్.”

“మరి నీకు గూడ ఒక మెమో ఇయ్యాల్నా?”

సిగ్గుతో చచ్చిపోయాను. నాదీ ఆ భాషే కదా!

సార్ ఆ అధికారి వైపు తిరిగారు. “జర మెల్లగ మాట్లాడుండ్రి. ఆయన కొలువు గీ కాయితం మీదున్నది. ఆయనేమన్నరో గదే రాద్దాం.”

కాగితం మార్చి, ‘నువ్వయితె పోవా’ అని ఉన్నదున్నట్టు కొట్టాను. తప్పు తప్పేనని తేల్చి, హెచ్చరికతో సరిపెట్టారు సార్. వాచ్‌మన్ ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత నేను ఎవరి మాటా మార్చి రాయలేదు. అది ఆయన నేర్పిన బుద్ధే.

ఆసిఫాబాద్ చేరేసరికి సార్‌ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. జనాన్ని తప్పించుకుంటూ తలంతా నెరిసిన ఒక ముసలాయన వచ్చాడు. గొంతు విన్నాకే పోల్చుకున్నాను, ఆ వాచ్‌మనే.

“నేనచ్చిన సారూ,” అన్నాడు వంగి. “లేస్తలేవేంది నువ్వు?”

ఎవరో అతనికి కుర్చీ తెచ్చి వేశారు. సార్‌ను ఎత్తేదాకా అతను దాని పక్కనే నిలబడి ఉన్నాడు.