క్యాలెండరు ఇటు చూడడు

మా పెదనాన్న జీవితంలో ఒక్కసారి కూడా వల విసరలేదు. చేపల వాసన తగిలితే ఆయనకి వరసపెట్టి తుమ్ములొస్తాయి. అయినా సగం ప్రపంచం లెక్కలో ఆయన అచ్చమైన జాలరి. సముద్రం ఒడ్డున కూలిన కోట గోడ, దాని మీద వల ఒళ్లో వేసుకుని ఎటో దూరంగా చూస్తున్న ముసలాయన. ఆ ఫోటో మీరూ ఎక్కడో చూసే ఉంటారు. ఒక ఏడాది టూరిజం వాళ్లు క్యాలెండర్లో జూన్ నెల మీద దాన్నే వేశారు. అప్పట్నుంచి రేవులో ఆయన పేరు క్యాలెండరు.

అసలు ఆయన చేసేది బోటు నడపడం. అడుగున అద్దం బిగించిన బోటు. కూర్చున్నచోటి నుంచే కింద పగడపు దిబ్బలు, వాటి సందుల్లో దూరే రంగు చేపలు కనిపిస్తాయి. అంతకుముందు ఇంజన్ మెకానిక్కు. ఇప్పటికీ డీజిల్ ఇంజన్ దగ్గు విని రోగం చెప్పేస్తాడు. చేతులకి గ్రీజు పూసుకుని ఇంజన్లో తలపెట్టినప్పుడు మాత్రం ఎవడూ ఫోటో తీయడు.

కెమెరాలు మెడలో వేసుకుని దిగేవాళ్లకి కావలసింది వేరు.

"తాతా, ఆ చొక్కా విప్పెయ్. వాచీ కూడా."

"ఆ నీలం బకెట్ ఎవరిది? తీసెయ్, తీసెయ్."

"ఇంజన్ కనపడకుండా ఏదైనా కప్పు."

పెదనాన్న ఇంజన్ మీద టార్పాలిన్ పట్టా కప్పుతాడు. పక్కింటాయన దగ్గర అరువు తెచ్చిన వల ఒళ్లో వేసుకుంటాడు. ముక్కు మూసుకుంటే ఫోటో పాడవుతుంది కాబట్టి తుమ్ము బిగబట్టి కూర్చుంటాడు. ఆ బిగబట్టిన ముఖం కింద ఒక మహానుభావుడు 'సముద్రం రాసిన విషాదం' అని రాశాడు.

అన్నిటికన్నా పెద్ద ఆజ్ఞ చివర్లో వస్తుంది. "ఇటు చూడకు తాతా. సహజంగా ఉండాలి." ఇరవై రెండేళ్లుగా ఈ మాట వింటున్నాడు. ఒక్కసారి కూడా అటు చూడలేదు.

ఈ ఏడు కొత్త రూలు వచ్చింది. బోటు నడిపే ప్రతివాడూ ఫోటో ఉన్న లైసెన్సు తీసుకుని బోటుకి వేలాడదీయాలి. శుక్రవారం సాయంత్రం నాలుగు దాకా గడువు. తీసుకోనివాడి బోటు ఇక ఒడ్డునే.

బుధవారం రేవు ఆఫీసుకి వెళ్లాడు. గుమస్తా బల్ల మీద చిన్న కెమెరా, ఎదురుగా స్టూలు, వెనక తెల్లగుడ్డ.

"ఇటు చూడండి" అని గుమస్తా నొక్కాడు. తెర మీద పెదనాన్న గడ్డం కాస్త పైకెత్తి కిటికీలోంచి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"నా వైపండీ. రెండు కళ్లూ రెండు చెవులూ కనపడాలి. లేకపోతే కంప్యూటర్ తీసుకోదు."

"చూస్తూనే ఉన్నాగా బాబూ!"

"ఎక్కడ? కాకిని చూస్తున్నారు."

పాపం, చూడాలనే కూర్చున్నాడు. కెమెరా ఎదురుపడితే చాలు, మెడ దానంతటది తిరిగిపోతోంది. మర్నాడు గుమస్తాకి తెలివొచ్చి కెమెరా తీసుకెళ్లి కిటికీలోనే పెట్టాడు. పెదనాన్న బీరువా వైపు చూశాడు. లైన్లో నిలబడ్డవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"క్యాలెండరూ, నెల తిప్పు!" అని ఎవడో అరిచాడు.

పోనీ ఇంట్లో ఉన్న ఫోటో ఏదైనా ఇద్దామని పెద్దమ్మ పెట్టెలన్నీ తిరగేసింది. 'పంపిస్తాం తాతా' అని అడ్రసు రాసుకుని పోయినవాళ్లు వందల మంది. వచ్చిన ఫోటోలు మూడు. మూడింట్లోనూ పక్క చూపే. సూటిగా చూసింది ఒక్క పెళ్లి ఫోటోలోనే, అప్పటికాయనకి ఇరవై నాలుగేళ్లు.

శుక్రవారం పెద్దమ్మ కూడా వెంట వెళ్లింది. మూడున్నర దాటింది. పద్నాలుగో ఫోటో కూడా పోయింది. గుమస్తా చేతులెత్తేశాడు.

"నా వల్ల కాదమ్మా. ఈయన్ని మ్యూజియంలో పెట్టుకోండి."

పెదనాన్న చెమట తుడుచుకున్నాడు. "ఇంజన్ ఎవరికైనా ఇచ్చేద్దాం. తుప్పు పట్టించడం ఎందుకు?" అన్నాడు. ఆ గొంతుకి ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మ వెళ్లి గుమస్తా కుర్చీ వెనక, సరిగ్గా కెమెరా పైనుంచి ముఖం కనపడేలా నిలబడింది.

"ఏవండీ, వచ్చేటప్పుడు స్టవ్ ఆర్పారా?"

పెదనాన్న తల గిర్రున ఇటు తిరిగింది. గుమస్తా నొక్కాడు. రెండు కళ్లు, రెండు చెవులు, తెరుచుకున్న నోరు. కంప్యూటర్ మారు మాట్లాడకుండా తీసుకుంది.

"ఆర్పానంటావా?" అన్నాడు పెదనాన్న, లేస్తూనే.

"నేనే ఆర్పాను. పదండి."

లైసెన్సు ఫోటోలో ఆయన పాలగిన్నె దగ్గర దొరికిపోయిన పిల్లిలా ఉన్నాడు. దాన్నే ప్లాస్టిక్ కవర్లో పెట్టి బోటు ముందు కట్టాడు.

సోమవారం ఒక కెమెరా ఆసామి దిగాడు. చొక్కా విప్పించాడు, వాచీ తీయించాడు, పట్టా కప్పించాడు. కంటికి కెమెరా ఆనించి, మళ్లీ దించాడు.

"తాతా, ఆ కార్డెవరిది? అడ్డంగా ఉంది, తీసెయ్."

"నాదే బాబూ."

అతను కార్డునీ మనిషినీ రెండుసార్లు మార్చి మార్చి చూశాడు. "అస్సలు నీలా లేదే" అన్నాడు.

పెదనాన్న కార్డు తీయలేదు. ఒళ్లోని వల పక్కన పడేసి, ఇన్నాళ్లూ బిగబట్టినవన్నీ కలిపి ఒక్క తుమ్ము తుమ్మాడు. చొక్కా వేసుకున్నాడు. ఇంజన్ మీది పట్టా లాగేసి తాడు గుంజాడు. నల్లటి పొగ కోట గోడదాకా కమ్మింది.

"ఎక్కు బాబూ, పగడాలు చూపిస్తా" అన్నాడు, నేరుగా కెమెరాలోకి చూస్తూ.